మోచేతి విచారణ

మూడవ రోజు ఉదయానికి కూడా తనీష్ బేస్‌మెంటు నుంచి పైకి రాలేదు.

కెనడాలోని ఏజాక్స్ పట్టణంలో ఒక విద్యార్థి బేస్‌మెంటు నుంచి పైకి రాకపోవడం చరిత్రకెక్కవలసిన ఘట్టం కాదు. ఆ వీధిలో సగం ఇళ్ళ అడుగున విద్యార్థులున్నారు. వాళ్ళలో ఎవరు ఎప్పుడు షిఫ్టుకు పోతారో, ఎవరు ఎప్పుడు నిద్రపోతారో కనిపెట్టే తీరిక మునిసిపాలిటీకే లేదు. కాని ఆ ఆదివారం పదకొండు గంటలకు ఏజాక్స్ దిగ్గజాలు అనే బేస్‌బాల్ జట్టు తన మొట్టమొదటి సీజనులో కడపటి ఆట ఆడవలసి ఉంది.

దిక్కులను మోయడానికి ఎనిమిది ఏనుగులు సరిపోతాయని మన పెద్దలు నిర్ణయించారు. ఆదివారపు లీగు వారి నిబంధన ప్రకారం తొమ్మిది కావాలి.

జట్టు జాబితా జులైలోనే మూసేశారు. పన్నెండుమందిలో ఒకడు ఉద్యోగం దొరికి వాంకూవర్ వెళ్ళిపోయాడు. ఒకడికి చీలమండ బెణికింది. మరొకడు ఆదివారం షిఫ్టు వదులుకుంటే సోమవారం నుంచి షిఫ్టే ఉండదని చేతులెత్తేశాడు. మిగిలినవారు, తనీష్‌తో కలిపి, తొమ్మిదిమంది. ఈ ఏడాదే లీగులో చేరిన ఎనిమిదో జట్టు గనుక, చాలినంతమంది లేక మూడు ఆటలు వదులుకుంటే దాని స్థానం రద్దవుతుంది. దిగ్గజాలు ఇప్పటికి రెండు వదులుకున్నాయి. మొదటిసారి నలుగురికి గోడౌను నుంచి ఒకేసారి పిలుపొచ్చింది. రెండవసారి ఐదుగురు ఒకే కారులో నయాగరా చూడబోయి, దారిలో చెడిపోయిన ఆ కారునే చూస్తూ కూర్చున్నారు.

ఆడినవి పదమూడు. గెలిచినవి ఒక్కటి కూడా లేవు. ఈ విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

"ఎనిమిదిన్నరయింది," అన్నాడు అమరేశ్వరరావు వంటింటి గుమ్మంలో నిలబడి. ఆయన జట్టుకు స్థాపకుడు, మేనేజరు, డ్రైవరు, ఇంటి యజమాని. న్యూజెర్సీలో పదేళ్ళు కోడు రాసి ఈ ఆట మోజులో పడ్డాడు. పొద్దున ఆరింటికే టోపీతో సహా యూనిఫారం వేసుకున్నాడు.

"గోడకు గడియారం ఉన్నది," అంది సరోజన, పెనం మీది అట్టుతో.

మూడు రోజులుగా ఆమె భర్తతో చెప్పదలచినవన్నీ వంటసామగ్రితోనే చెబుతోంది.

"అది కాదు సరోజా. బావగారు కిందికెళ్ళి ఒక్కమాట చెబితే ఆ అబ్బాయి వచ్చేస్తాడు కదా అంటున్నాను."

"మా అన్న ఒక్కమాట చెప్పబట్టే కదా వాడు కిందికి పోయింది."

బల్ల దగ్గర కోదండరామ్ టీ కప్పు దించాడు. ఆయన సరోజనకు అన్న. విజిటర్ వీసా మీద వచ్చి రెండు వారాలయింది. స్వదేశంలో ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా లీగు క్రికెట్ ఆటలకు అంపైరింగు చేసి, ఎన్నడూ తీర్పు మార్చుకోలేదన్న కీర్తి ఆర్జించినవాడు. అది ఎట్లా వచ్చిందంటే, ఎన్నడూ మార్చుకోలేదు గనుక.

"నేను అబద్ధం ఆడలేదమ్మా," అన్నాడు ఆయన. "పిల్లగాణ్ణి చూడంగనే గుర్తుపట్టిన. 'నువ్వు ఆ త్రో వేసేటోనివి కదా' అన్న. అంతే."

"జట్టంత కూసొని ఇడ్లీ తింటుంటే అన్నవు. అందరి ముంగట అన్నవు."

"ఉన్నమాటే కదా."

"ఉన్నమాట అయితే చట్నీ అయిపోయిందాక ఆగరాదా?"

కోదండరామ్ మళ్ళీ కప్పు ఎత్తాడు. అందులో టీ లేదు. అయినా తాగాడు.

సరోజన అట్టు తిప్పి, మూడు రోజుల తరువాత మొదటిసారి భర్త ముఖంలోకి చూసింది. "ఇక మీరేం తక్కువ? వాడి మోచెయ్యి వంగుతుందని తెలిసి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 'వంగుతుందా? నిజంగా వంగుతుందా?' అని. లాటరీ తగిలినట్టు."

"బేస్‌బాల్లో వంగాలి సరోజా! చేయి వంచి విసరడమే ఆట. పదమూడు ఆటలు మనం ఓడింది బంతి విసరడానికి సరైన పిచర్ లేకనే కదా. అలాంటి చేతిని తీసుకెళ్ళి నేను సెంటర్ ఫీల్డులో గడ్డికి కాపలా పెట్టానని తెలిస్తే ఆనందం రాదూ?"

"ఆనందం మీకు. ఆ చెడ్డపేరు ఎవరికి?"

అమరేశ్వరరావు టోపీ సర్దుకున్నాడు.

పాఠకులు ఆయనను తొందరపడి నిందించరాదు. క్రికెట్‌లో బౌలరు బంతి వేసేటప్పుడు మోచేయి వంచి చాచాడా, అది దొంగతనంతో సమానం. బేస్‌బాల్లో వంచకపోయాడా, వాడికి ఆటే రాదు. ఒక భూఖండంలో నేరమైనది మరొక భూఖండంలో విద్య. ఈ సత్యం తనకు సాక్షాత్కరించిన క్షణాన, ఆ మోచేయికి ఒక మనిషి తగిలించి ఉన్నాడన్న సంగతి మాత్రం అమరేశ్వరరావు గమనించలేదు.

మెట్ల మీద నుంచి కూతురు స్వీటీ దిగింది. పందొమ్మిదేళ్ళది. లీగు నియమాల్లో అమ్మాయిలు ఆడకూడదని ఎక్కడా రాయకపోవడం వల్ల, జట్టులో బేస్‌బాల్ తెలిసిన ఏకైక వ్యక్తి ఆమే కావడం వల్ల, పిచర్ విసిరిన బంతి పట్టే క్యాచరుగా ఉంటోంది. మోకాళ్ళకు రక్షాకవచాలు, చంకలో ముసుగు.

"ఆర్ వీ ప్లేయింగ్ ఆర్ నాట్?"

"మీ మామయ్యనడుగు," అన్నాడు అమరేశ్వరరావు.

"మీ నాన్ననడుగు," అన్నాడు కోదండరామ్.

సరోజన పొయ్యి ఆర్పేసింది. పెనం చుయ్యిమనడం ఆగిపోయాక ఇల్లంతా ఖాళీ అయినట్టయింది.

"అన్నా, నువ్వే దిగిపో. మాట్లాడు. వాడు పైకొచ్చిందాక ఈ పొయ్యి వెలగదు."

*

బేస్‌మెంటుకు పదమూడు మెట్లు. కోదండరామ్ మోకాలు ప్రతి మెట్టునూ విడివిడిగా విచారించి ఆమోదించింది.

కింద భరద్వాజ్ జోళ్ళ లేసులు కట్టుకుంటున్నాడు. తనీష్‌తో గది పంచుకునేవాడు. జూన్‌లో ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీవాళ్ళ జట్టు మీద బంతిని కొట్టి, పరుగు లేదనుకొని, బ్యాటు మీద చెయ్యి ఆనించి అక్కడే నిలబడిన మహానుభావుడు. బేస్‌బాల్లో బంతి కొట్టాక పరుగెత్తకుండా ఉండే హక్కు ఎవరికీ లేదని అతడికి ఎవరూ చెప్పలేదు. అదే ఆటలో జట్టులోని మరొకడు, సాయి తేజ, పరుగెత్తాడు గాని, కొట్టగానే వదిలేయవలసిన బ్యాటును చేతిలో ఉంచుకొనే పరుగెత్తి, దాన్ని ముందుకు చాచి బేసుకు తాకించాడు. ఇరవయ్యొకటి–సున్న.

పెద్దాయనను చూసి భరద్వాజ్ ఒక లేసు కట్టకుండానే పైకి వెళ్ళిపోయాడు.

తనీష్ పరుపు మీద కూర్చొని ఫోనులో దగ్గరి ఊరు ఓషావాలో అద్దె గదులు చూస్తున్నాడు. తలెత్తలేదు.

"కూర్చోవచ్చునా?"

"మీ చెల్లె ఇల్లు సార్. నన్నడుగుడేంది."

కోదండరామ్ ఆఖరు మెట్టు మీదనే కూర్చున్నాడు.

"నీకు చెడు కావాలని అనలేదు బాబూ."

"మంచి కావాలని అన్నా చెడు కావాలని అన్నా అదే పేరు సార్." తనీష్ ఫోను పక్కన పెట్టాడు. "చెయ్యి వంచి త్రో వేసేటోడని జగిత్యాలల చక్కర్ అన్నరు. కాలేజిల చక్కర్ అన్నరు. వీసా వచ్చిందని దోస్తులకు బిర్యానీ తినిపిస్తే, తినుకుంట 'చక్కర్‌గాడు కెనడా పోతుండు' అన్నరు. ఏజాక్స్‌ల ఎవ్వనికి తెల్వదనుకున్న. ఇంత దూరం వచ్చి ఇడ్లీ తింటుంటే ఎదురుంగ మీరు కూసున్నరు."

"నాకు తెలిస్తే…"

"అంకుల్ నన్ను బంతి విసురుమంటడు కదా. నేను మోచెయ్యి బిగబట్టుకొని విసురుత. తెలుసా మీకు? సెంటర్ ఫీల్డు నుంచి చెయ్యి గుండ్రంగ తిప్పి, బౌలింగ్ వేసినట్టే వేస్త. అవతలి టీమోళ్ళు పడి పడి నవ్విన్రు. నవ్వనీ. వంచితే ఎవడన్న చూస్తడేమోనని నా భయం. ఈడ వంచితే తప్పు లేదని నాకు తెలుసు సార్. నా చేతికి తెల్వది."

నీళ్ళు కాచే ట్యాంకు మూలన ఒకసారి గురగురలాడి ఊరుకుంది.

"ఒక్కటి అడుగుత," అన్నాడు తనీష్. "ఆనాడు ఒకే ఓవర్ల మూడు నో-బాల్స్ అన్నరు. అసోసియేషనోళ్ళు బౌలింగ్ వేయొద్దన్నరు. సెలక్షన్ పోయింది. మీరు స్క్వేర్ లెగ్‌ల నిలబడ్డరు. నా మోచెయ్యి వంగుడు మీరు కండ్లార చూసిన్రా?"

కోదండరామ్ కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. మరకలేమీ లేవు.

"పొద్దు ముఖం మీద కొడుతుండె," అన్నాడు చివరికి. "నాలుగున్నర అయింది. అంతకుముందు టీ దగ్గర రామ్మోహన్ అని అవతలి జట్టు మేనేజరు ఉండె. 'ఆ కొత్త పిల్లగాడు త్రో వేస్తడు, జర కనిపెట్టు సారూ' అన్నడు. నేను కనిపెట్టుకొనే ఉన్న. చూస్తున్ననే అనుకున్న."

"చూసిన్రా?"

పైన ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో దాన్ని మళ్ళీ యథాస్థానానికి జరిపారు. వింటున్నవాళ్ళు చేసే చప్పుడు అది.

"చూడలేదు."

తనీష్ పరుపు అంచుకు జరిగాడు. కోపం వస్తుందని ఎదురుచూశాడు. రెండేళ్ళుగా దానికోసం చోటు కూడా ఉంచాడు. రాలేదు.

"అయితే రాసియ్యండి సార్. నా చెయ్యి సక్కగనే ఉన్నదని. మీ సంతకంతోని."

"అదెట్ల రాస్త బాబూ?"

"ఏ?"

"వంగిందని చూడకుండ అన్న. అది తప్పే. వంగలేదని చూడకుండ రాస్తే అదేమైతది? అదే తప్పు రెండోసారి కదా."

ఇంతటి నిష్ఠ రెండేళ్ళ కిందట నాలుగున్నర గంటలకు ఆయనకు ఎందుకు కలగలేదని అడగవచ్చు. నిష్ఠలు ఆలస్యంగా బయలుదేరుతాయి. కొన్ని అసలు చేరవు. ఇది చేరింది.

"ఇప్పుడు వెయ్యి," అన్నాడు కోదండరామ్. "పెరట్ల. ఇయ్యాల ఎండ నా వెనుక ఉంటది. అద్దాలు కూడ మార్పిచ్చిన. చూస్త. చూసింది రాస్త."

"వంగిందంటే?"

"వంగిందనే రాస్త."

తనీష్ ఫోను వైపు చూశాడు. ఓషావా గది తెరమీద ఇంకా వెలుగుతూనే ఉంది: సొంత బాత్రూము, బస్టాపుకు దగ్గర.

"సక్కగున్నదని రాస్తే ఆటకొస్త," అన్నాడు. "వంగిందని రాస్తే అటే ఓషావా పోత. అంకుల్‌కు మీరే చెప్పుకోండ్రి."

జోళ్ళు వేసుకున్నాడు.

*

తొమ్మిదీ యాభైకి పెరట్లో న్యాయస్థానం కొలువు తీరింది.

క్రికెట్ పిచ్ ఇరవై రెండు గజాలు. సరోజన పెరడు, మెంతికూర మడితో కలిపి, పద్నాలుగు. అందుచేత తనీష్ పరుగు ఇంటి పక్క సందులో, చెత్తడబ్బాల దగ్గర మొదలై, పెరటి తలుపు దాటి, టమాటా కుండీల నడుమ ముగియాలని నిర్ణయమైంది. క్రికెట్ బంతి లేదు గనుక బేస్‌బాల్ బంతే. వికెట్ల స్థానంలో స్వీటీ తన తోలు గ్లవ్‌తో గొంతుక్కూర్చుంది.

కోదండరామ్ తెల్లని గుడ్డ టోపీ పెట్టుకొని, పొద్దుకు వీపు తిప్పి, పక్కనుంచి చూసే స్థానంలో నిలబడ్డాడు. కుండీల్లోంచి ఆరు గులకరాళ్ళు ఏరి ఎడమ జేబులో వేసుకున్నాడు. ఒక్కో బంతికి ఒక్కో రాయి కుడి జేబులోకి మారుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఓవరు లెక్కపెట్టిన పద్ధతి అదే.

అమరేశ్వరరావు మెట్ల మీద చేతులు జోడించి నిలబడ్డాడు. ఒక్క మోచేతి విషయమై ఒకే పెరట్లో రెండు పరస్పర విరుద్ధమైన ప్రార్థనలు ఏకకాలంలో పైకి వెళ్ళాయి. వంగితే అమరేశ్వరరావుకు పిచర్ ఉంటాడు, ఆటగాడు ఉండడు. వంగకపోతే ఆటగాడు ఉంటాడు, పిచర్ ఉండడు. ఇది తెలిసి కూడా ఆయన వంగాలనే కోరుకున్నాడు. మేనేజర్లు అట్లాగే ఉంటారు.

"మీరు లోపలికి పోండి," అంది సరోజన.

"నేనేం చేశాను?"

"మీ ముఖంల కనబడుతుంది."

తనీష్ సందులో నుంచి వచ్చాడు. రెండేళ్ళు వాడని పరుగు. మొదటి నాలుగడుగులు బెరుకుగా ఉండి, తరువాత తమ పని తామే జ్ఞాపకం చేసుకున్నాయి. చెయ్యి పైకి లేచింది. బంతి మెంతికూర మడి అంచున పడి, లేచి, స్వీటీ గ్లవ్‌లో ఠప్పుమంది.

"ఔచ్," అంది స్వీటీ. "దట్స్ ఫాస్ట్."

"వంగిందా?" అన్నాడు అమరేశ్వరరావు.

"ఆట నడుస్తున్నప్పుడు అంపైరుతోటి మాట్లాడొద్దు బావా."

ఒక రాయి జేబు మారింది. "ఇంకొకటి," అన్నాడు కోదండరామ్.

రెండో బంతికి ఆయన ఒక అడుగు ముందుకు జరిగాడు. మూడో బంతికి నడుము వంచి చూశాడు. నాలుగో బంతికి కళ్ళజోడు పైకి నెట్టాడు. ఐదో బంతికి ముందు, పక్కింటివాళ్ళ గడ్డి కోసే యంత్రం ఆగింది. కంచె మీదుగా ఒక టోపీ, దాని కింద రెండు కళ్ళు కనిపించాయి. తెలుగువారి ఆదివారాలు ఇట్లా ఉంటాయి కాబోలని తీర్మానించుకొని ఆ టోపీ దిగిపోయింది.

ఆరో బంతి వేసేటప్పుడు తనీష్ ముఖంలో భయం లేదు. ఏ బౌలరుకైనా ఓవరు చివర ఉండే అలసటే ఉంది.

ఆరో రాయి జేబు మారింది.

"ఓవర్," అన్నాడు కోదండరామ్.

ఎవరూ కదలలేదు.

"చెప్పన్నా," అంది సరోజన.

ఆయన జేబులో చెయ్యి పెట్టి రాళ్ళను కదిలించాడు. సరిగ్గా ఆరే ఉన్నాయి.

"నాకు తెలుస్తలేదు."

"అంటే?" అన్నాడు అమరేశ్వరరావు.

"చెయ్యి లేస్తది. బంతి పోతది. నడుమ ఏమైతుందో కంటికి అందుతలేదు. ఒకసారి సక్కగున్నట్టు ఉంటది. ఒకసారి, వంగిందేమో అని ఎవరన్న చెవుల చెప్తే, వంగినట్టే ఉంటది." ఆయన టోపీ తీశాడు. "ఇయ్యాల ఎండ లేదు కండ్లల్ల. అద్దాలు కొత్తయి. అయినా తెలుస్తలేదు బాబూ. అంటే, ముప్పై ఒక్క ఏండ్లు నేను…"

ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు. అందులో ఎందరు కుర్రవాళ్ళు ఉన్నారో ఆయనకే లెక్క లేదు.

సరోజన వచ్చి అన్న మోచేయి పట్టుకుంది. "కూసో అన్నా."

ఆయన కూర్చోలేదు.

తనీష్ నడుము మీద చేతులుంచుకొని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. "అదే రాసియ్యండి సార్," అన్నాడు.

"ఏమని?"

"తెలుస్తలేదని. ఆనాడూ తెల్వలేదని. ఇప్పుడన్నరు కదా, అదే. నాకు అది చాలు."

వంగిందని రాయడం ఆయనకు సులువే. వంగలేదని రాయడం, కష్టం మీద, సాధ్యమే. రెంటిలోనూ అంపైరు అంపైరుగానే మిగులుతాడు. కుర్రవాడు కోరిన మూడవ వాక్యంలో మాత్రం అంపైరుకు నిలబడే చోటు లేదు.

సరోజన లోపలికి వెళ్ళి కాగితం, పెన్ను, అడుగున పెట్టుకోవడానికి ఒక అట్ట తెచ్చింది. ఎవరి పక్షాన తెచ్చిందో చెప్పలేదు. కోదండరామ్ పెరటి కుర్చీలో కూర్చొని, పైన తేదీ వేశాడు. తన పేరు రాశాడు. పేరు కింద అలవాటుగా 'అంపైర్' అని రాసి, కాసేపు దానివైపు చూసి, కొట్టేశాడు.

"పదీ పది," అన్నాడు అమరేశ్వరరావు, ఎంత మెల్లగా అనగలడో అంత మెల్లగా. "గ్రౌండుకి ఇరవై నిమిషాలు."

"నడవండి, కారు తియ్యండి," అంది సరోజన. అది మూడు రోజుల్లో ఆమె ఆయనతో కోపం లేకుండా చెప్పిన మొదటి మాట. ఆయన వెళ్ళాడు.

పెన్ను మొదటి వాక్యం మీదికి వచ్చింది. 'ఫలానా తేదీన జరిగిన ఆటలో, నేను…' అక్కడ ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

అప్పుడు స్వీటీ లేచి, టమాటా కుండీకి ఆనించి ఉన్న తన ఫోను తీసుకుంది.

"గైస్, ఐ గాట్ ఆల్ సిక్స్. స్లో-మోలో." ఎవరికీ అర్థం కాలేదనుకొని తెలుగులో మళ్ళీ ప్రయత్నించింది. "మామయ్యా, నేను రికార్డ్ చేశా. ఎల్బో క్లియర్‌గా కనిపిస్తుంది."

పెన్ను ఆగిపోయింది.

సరోజన కూతురి వైపు, కూతురు మామయ్య వైపు చూశారు. కోదండరామ్ తల ఎత్తలేదు. "నీ ఇష్టం బాబూ," అన్నాడు కాగితంతోనే. "చూద్దమంటే చూద్దం. అది చూసినంక ఇది రాసుడు ఉండదు. ఏది కనబడితే అదే రాయాలె."

వీధిలో కారు స్టార్టయింది. ఒకసారి హారన్ మోగింది. మోగించినందుకు వెంటనే పశ్చాత్తాపపడినట్టు ఆగిపోయింది.

తనీష్ ఫోను దగ్గరికి రెండడుగులు వేసి నిలబడ్డాడు. చెయ్యి చాపలేదు.

"నువ్వు చూసినవా?" అన్నాడు.

"యా," అంది స్వీటీ.

అతడు ఆమె ముఖంలోకి చూశాడు.

జవాబు అక్కడ కనిపించకుండా, స్వీటీ తల మీది క్యాచర్ ముసుగును ముఖం మీదికి లాక్కుంది.